స్వతంత్ర పార్టీ: నక్షత్రం గుర్తు వాళ్ళు ఇంతకీ దేన్ని కాపాడాలనుకున్నారు?

పొన్నూరు రవి · ఆదివారం, ఉదయం 9:12

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీది రేకు పెట్టె దించాం. తాతయ్య పోయాక ఎవరూ తెరవలేదు. శిస్తు రసీదులు, పాత పట్టాలు, పెళ్ళి శుభలేఖలు ఉన్నాయి. అన్నిటికీ అడుగున స్వతంత్ర పార్టీ సభ్యత్వ రసీదు ఒకటి దొరికింది. మడతల దగ్గర చిరిగిపోయింది కానీ తాతయ్య సంతకం, పక్కన నక్షత్రం గుర్తు బాగానే కనబడుతున్నాయి.

నా చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని ఆయన తరచూ ఒక మాట అనేవారు: "మేం మారలేదురా, పార్టీయే మారింది." అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

నా సందేహం ఇది. ఎక్కడ చదివినా స్వతంత్ర పార్టీని కన్జర్వేటివ్ పార్టీ, మితవాద పార్టీ, రాజుల పార్టీ అని రాస్తారు. కానీ దాని మొదటి అధ్యక్షుడు మా పక్కనే ఉన్న నిడుబ్రోలు మనిషి ఎన్.జి. రంగా. వెంకటగిరి జమీందారీ రైతుల తరఫున పోరాడినవాడు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుడితే దానికి ప్రధాన కార్యదర్శి. అలాంటి మనిషి మహారాజులున్న పార్టీకి అధ్యక్షుడు ఎలా అయ్యారు? 1959 నుంచి 1974 దాకా బతికిన ఆ పదిహేనేళ్ళలో పార్టీ ఎన్నిసార్లు మారింది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

సోషల్ మాష్టారు · ఆదివారం, ఉదయం 10:40

రవి గారూ, మంచి ప్రశ్న. ముప్పై ఏళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పాను. సిలబస్‌లో ఈ పార్టీ గురించి ఉన్నది రెండు వాక్యాలే.

మొదలు 1959 జనవరిలో, నాగపూర్ కాంగ్రెస్ మహాసభలో జరిగింది. సహకార ఉమ్మడి వ్యవసాయం వైపు వెళ్ళాలని, భూపరిమితి పెట్టాలని తీర్మానం చేశారు. సొంత కమతం ఉన్న రైతుకు గుండె జారిపోయింది. గట్టు చెరిపేసి అందరి పొలం కలిపేస్తారట అన్న మాట ఊరూరా పాకింది. అప్పటికి రంగా గారు కాంగ్రెస్ ఎంపీ. ఆయన బయటికి వచ్చారు. జూన్‌లో మద్రాసులో రాజాజీ (సి. రాజగోపాలాచారి) కొత్త పార్టీని ప్రకటించారు, ఆగస్టులో బొంబాయిలో సదస్సు జరిగింది. రంగా అధ్యక్షుడు, మినూ మసానీ ప్రధాన కార్యదర్శి.

ఆ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూడండి. రాజాజీకి ప్రభుత్వం మితిమీరి పెరగడం ఇష్టం లేదు. "పర్మిట్ లైసెన్స్ రాజ్" అన్న మాట ఆయనదే. మసానీ ఒకప్పుడు కాంగ్రెస్ సోషలిస్ట్ పార్టీ పెట్టినవాళ్ళలో ఒకడు. రష్యాలో జరిగింది చూశాక మనసు మార్చుకుని స్వేచ్ఛా వాణిజ్యం వైపు వచ్చాడు. రంగాకు రైతు, రైతు భూమి. ముగ్గురి దారీ వేరు, ముగ్గురికీ అడ్డు ఒకటే.

కాబట్టి రంగా తన పాత మాట వదిలి రాజుల దగ్గరకు వెళ్ళారని నేను అనుకోను. జమీందారు రైతు మీద పెత్తనం చేసినప్పుడు జమీందారును ఎదిరించారు. ఆ పెత్తనం సర్కారు చేతికి వస్తోందనిపించినప్పుడు సర్కారును ఎదిరించారు. రాజులు వచ్చింది తర్వాత. 1962 నాటికి రాజస్థాన్‌లో గాయత్రీదేవి, బీహార్‌లో రామ్‌గఢ్ రాజా, ఒడిశాలో పాత సంస్థానాధీశుల పార్టీ గణతంత్ర పరిషత్ వాళ్ళు చేరారు. ఆ ఏడాది లోక్‌సభలో 18 సీట్లు వచ్చాయి. గాయత్రీదేవి జైపూర్‌లో భారీ మెజారిటీతో గెలిచేసరికి పత్రికలన్నీ ఆమె ఫొటోలే వేశాయి. పార్టీకి రాజుల ముద్ర అక్కడ పడింది. మీ తాతయ్యలాంటి వాళ్ళ ఫొటో ఎవరు వేస్తారు?

సిక్కోలు చిన్నోడు · ఆదివారం, ఉదయం 11:55

మాష్టారూ, మా జిల్లా సంగతి కూడా చెప్పాలి. మాది కల్లు గీసే కుటుంబం. మా తాత మోకు భుజాన వేసుకుని తెల్లవారుజామునే తాటితోపుకు వెళ్ళేవాడు. ఆయనకు రాజాజీ ఎవరో, మసానీ ఎవరో తెలీదు. గౌతు లచ్చన్న గారు తెలుసు. అంతే.

1954లో మద్యనిషేధం వల్ల గీత కార్మికుల పొట్ట కొట్టారని సత్యాగ్రహం నడిపింది లచ్చన్న గారే. ఆ గొడవ మీదే ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆ లచ్చన్న గారే తర్వాత స్వతంత్ర పార్టీలో పెద్ద నాయకుడు. ఆ పార్టీ పెట్టిన రాజాజీయేమో 1937లో సేలంలో మద్యనిషేధం తెచ్చిన మనిషి! ప్రాణం పోయేదాకా ఆ పట్టు వదల్లేదు. 1971లో కరుణానిధి ప్రభుత్వం నిషేధం ఎత్తేస్తుంటే, తొంభై దాటిన వయసులో స్వయంగా ఆయన ఇంటికి వెళ్ళి వద్దని బతిమాలారు.

ఈ ఇద్దరూ ఒకే జెండా కింద ఎలా ఇమిడారో నాకు ఈమధ్యే తెలిసింది. పార్టీకి 21 సూత్రాలుండేవి. ఈ సూత్రాల్లోకి రాని విషయాల్లో సభ్యులు తమ సొంత అభిప్రాయం ప్రకారం నడుచుకోవచ్చు అన్నది చివరి సూత్రం. మద్యనిషేధం అలా పక్కకు వెళ్ళింది.

1967లో రంగా గారు గెలిచింది గుంటూరు జిల్లా నుంచి కాదు, మా శ్రీకాకుళం నుంచి. 1962లో తెనాలిలో కమ్యూనిస్టుల చేతిలో ఓడి, ఉపఎన్నికలో చిత్తూరు నుంచి లోక్‌సభకు వెళ్ళారు. తర్వాత లచ్చన్న గారి అండతో మా దగ్గరికొచ్చారు. మా తాతలాంటి వాళ్ళ ఓట్లతో గెలిచిన పార్టీని రాజుల పార్టీ అంటే ఒప్పుకోను.

అక్షరం · ఆదివారం, మధ్యాహ్నం 12:20

ఒక చిన్న మాట. తెలుగులో మనం కన్జర్వేటివ్‌నీ రైటిస్టునీ కలిపి "మితవాది" అనేస్తాం. అదే మాటను గోఖలే కాలం కాంగ్రెస్ వాళ్ళకూ వాడతాం, అక్కడ అర్థం తగ్గి మాట్లాడేవాళ్ళు అని. ఒక్క మాటలో మూడు అర్థాలు ఇరుక్కున్నాయి. ఉన్నది మారకూడదనేవాడు, ఆస్తి హక్కు పోకూడదనేవాడు, నెమ్మదిగా మారాలనేవాడు, అందరూ మితవాదులే అయిపోయారు. స్వతంత్ర పార్టీలో ఈ మూడు రకాలూ ఉన్నారు కాబట్టి ఎవరికి ఏది కావాలంటే అది కనబడుతుంది. నా మటుకు ఆ మాట వదిలేసి, ఎవరు దేన్ని పట్టుకుని ఉన్నారో చూడటమే మేలనిపిస్తుంది.

హనుమకొండ శ్రీను · ఆదివారం, మధ్యాహ్నం 1:35

అందరూ పెద్దలే, గౌరవంతోనే చెప్తున్నా. "రైతు" అన్న మాట దగ్గర నాకు ఇబ్బందిగా ఉంది. ఏ రైతు?

మా నాయన పదేళ్ళ వయసులో పాలేరుగా జీతానికి కుదిరిండు. ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లని లెక్క. ఆసామి ఇంట్లో పశువుల కొట్టంలోనే పడుకునేటోడు. భూపరిమితి పెడతామంటే ఆయనలాంటి వాళ్ళకు ఆశ పుట్టింది. ఎకరమో అరెకరమో వస్తుందని. ఆ పరిమితి వద్దని కొట్లాడిన పార్టీ ఆయనకు రైతు పార్టీ ఎట్లయితది? సహకార వ్యవసాయంలో గట్టు పోతుందని భయపడాలంటే ముందు గట్టు ఉండాలి కదా.

రంగా గారు జమీందార్లను ఎదిరించిన్రు, నిజమే. జమీందారు పోయినంక భూమి ఎవరి చేతిల పడ్డదో వాళ్ళ పక్కన నిలబడ్డరు. ఆయన మారలేదని మాష్టారు అంటున్నరు. ఆయన ఎంబడి ఉన్నోళ్ళ పరిస్థితి మాత్రం మారింది. 1930లలో కింద ఉన్నోళ్ళు 1960ల నాటికి పైకి వచ్చిన్రు. నిన్న హక్కు కోసం పోరాడినోడు ఇవాళ అదే హక్కును కాపాడుకుంటే, మాట మారకపోయినా మనిషి నిలబడ్డ చోటు మారింది. కన్జర్వేటివ్ అంటే అదే అని నా అభిప్రాయం.

పొన్నూరు రవి · ఆదివారం, మధ్యాహ్నం 2:10

శ్రీను గారూ, మీ మాట మనసుకు తగిలింది. మా ఇంట్లోనూ పాలేర్లు ఉండేవారు. ఆ పెట్టెలో వాళ్ళ రసీదులు ఏవీ లేవు. నేను ఇప్పటిదాకా ఆ వైపు నుంచి ఆలోచించలేదు.

గుంటూరు అడ్వకేట్ · ఆదివారం, సాయంత్రం 4:48

శ్రీను గారు చెప్పినదానిలో బలం ఉంది. కాకపోతే చట్టం వైపు నుంచి ఒకటి చూడాలి.

జమీందారీలను తీసేయడానికి రాజ్యాంగంలో 31ఎ అధికరణం పెట్టారు. అందులో "ఎస్టేటు" అంటే జమీందారీ, ఇనాం లాంటివి. 1964లో 17వ సవరణ తెచ్చి రైత్వారీ భూముల్నీ ఆ "ఎస్టేటు" నిర్వచనంలోకి లాగారు. ఉత్తరాది జమీందారుకూ, సర్కారుకు నేరుగా శిస్తు కట్టే మన కోస్తా, సీమ రైతుకూ చట్టంలో తేడా లేకుండా పోయింది. రంగా గారు దేశమంతా తిరిగి దాని మీద గొడవ చేశారు. పదెకరాల వాడిని కూడా జమీందారు కింద జమకడతారా అన్నదే ఆ ఉద్యమం.

అదే సవరణలో ఒక రక్షణా చేరింది. పరిమితికి లోబడి, స్వయంగా సాగు చేసుకుంటున్న భూమిని ప్రభుత్వం తీసుకోవాలంటే మార్కెట్ ధరకు తక్కువ కాకుండా పరిహారం ఇవ్వాలి. ఇప్పటికీ రాజ్యాంగంలో ఉంది. భూసేకరణ కేసుల్లో నేను స్వయంగా ఆ వాక్యం మీద వాదించాను. నా దగ్గరికి వచ్చిన క్లయింటుకు ఉన్నది ఎకరం పాతిక సెంట్లు. కాబట్టి ఆ పోరాటం ఫలితం ఆసాములకే అందిందని చెప్పలేను.

పార్టీ ఎలా మారిందో చెప్పమన్నారు కాబట్టి ఇదీ వినండి. ఆస్తి హక్కే తమ ఊపిరి అన్న పార్టీ 1974లో ఉత్తరప్రదేశ్ రైతు నాయకుడు చరణ్ సింగ్ పెట్టిన భారతీయ లోక్‌దళ్‌లో కలిసింది. అది 1977లో జనతా పార్టీ అయింది. ఆ జనతా ప్రభుత్వమే 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తీసేసింది! అప్పుడు కేంద్ర ఆర్థిక మంత్రి ఎవరో తెలుసా? హెచ్.ఎం. పటేల్. గుజరాత్ స్వతంత్ర పార్టీ నాయకుడు. ఇందిరమ్మ చేయని పనిని వీళ్ళున్న ప్రభుత్వం చేసింది. లా కాలేజీలో మొదటిసారి ఈ వరుస అర్థమైనప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మైలాపూర్ తెలుగు · ఆదివారం, రాత్రి 8:05

మద్రాసులో పుట్టి పెరిగినదాన్ని. రాజాజీ గారి గురించి ఇక్కడ కథలు కథలుగా చెప్పుకుంటారు.

1937లో మద్రాసు ప్రీమియర్‌గా (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవారు) ఉన్నప్పుడు బడుల్లో హిందీ తప్పనిసరి చేశారు. దాన్ని ఎదిరించి జైలుకెళ్ళిన వాళ్ళలో, తర్వాత డీఎంకే పెట్టిన అన్నాదురై ఉన్నారు. 1953లో పిల్లలు ఒక పూట బడికి, ఒక పూట ఇంటి వృత్తికి అన్న పథకం తెచ్చారు. అది కులవృత్తి చదువని గొడవైంది, ఆ మరుసటి ఏడాది ముఖ్యమంత్రి పదవి పోయింది. ఇంతవరకు చూస్తే పక్కా ఛాందసుడు అంటారు.

అదే మనిషి తర్వాత హిందీ ఒక్కటే అధికార భాష కాకూడదని గట్టిగా వాదించారు. 1967లో అదే అన్నాదురైతో చేతులు కలిపి కాంగ్రెస్‌ను మద్రాసు రాష్ట్రంలో గద్దె దింపారు. స్వతంత్రకు అసెంబ్లీలో 20 సీట్లు వచ్చాయి. 1971లో పాత కాంగ్రెస్ నాయకుడు కామరాజ్‌తో కలిశారు. ఇరవై ఏళ్ళు ఒకరికొకరు పడని ఇద్దరు! ఇంకోటి మరిచిపోకూడదు, 1939లో దళితులకు గుడి తలుపులు తెరిచే చట్టం తెచ్చిందీ ఈయన ప్రభుత్వమే.

జనసంఘ్‌తో పోల్చినప్పుడు ఈయన తేడా బాగా తెలుస్తుంది. పాకిస్తాన్‌తో రాజీ చేసుకోమన్నారు. అణు పరీక్షలు ఆపాలని 1962లో అమెరికా వెళ్ళి కెన్నెడీని కలిశారు. అదే పార్టీలో సోమనాథ్ గుడి కట్టించడంలో ముందున్న కె.ఎం. మున్షీ కూడా ఉన్నారు. మతం విషయంలో ఒకరి మాట ఇంకొకరికి పొసగదు. పార్టీ మారిందా అని అడిగితే నేను చెప్పేది, రాజాజీ ఉన్నన్నాళ్ళూ ఆయన మొహం చూసి అందరూ సర్దుకున్నారు. 1972 డిసెంబర్‌లో ఆయన పోయారు. రెండేళ్ళు తిరక్కుండా పార్టీ లేదు.

సోషల్ మాష్టారు · ఆదివారం, రాత్రి 9:30

అమ్మా, బాగా చెప్పారు. నేను ఇంకొక మెట్టు చేరుస్తాను.

నా లెక్కలో అసలు మలుపు 1967. ఆ ఏడాది లోక్‌సభలో 44 సీట్లు, ప్రతిపక్షాల్లో పెద్ద పార్టీ. మన అసెంబ్లీలో 29. గుజరాత్‌లో 66. ఒడిశాలో ఏకంగా ప్రభుత్వం, ముఖ్యమంత్రి ఆర్.ఎన్. సింగ్‌దేవ్, పూర్వపు సంస్థానాధీశుడు. గెలుపు రుచి తెలిశాక సిద్ధాంతం కన్నా లెక్కలు ముఖ్యమవుతాయి. 1969లో బ్యాంకుల జాతీయీకరణ, ఆ తర్వాత రాజభరణాల రద్దు వచ్చాయి. పార్టీ మొదలైంది రైతు గట్టు దగ్గర. ఇప్పుడు పోరాటం బ్యాంకుల కోసం, రాజుల భత్యం కోసం. కాగితం మీద అన్నీ ఆస్తి హక్కు కిందికే వస్తాయి. కానీ పొన్నూరు రైతుకు బ్యాంకు జాతీయం అయితే నష్టమేంటి? అప్పు దొరుకుతుందని సంతోషించి ఉంటాడు.

ఇక 1971లో సంస్థా కాంగ్రెస్ (ఇందిర నుంచి విడిపోయిన పాత కాంగ్రెస్ వాళ్ళు), జనసంఘ్, సంయుక్త సోషలిస్టులతో కలిసి మహాకూటమి. ఒకే నినాదం: ఇందిరా హటావో. అవతల ఆవిడ గరీబీ హటావో అన్నారు. 44 కాస్తా 8 అయ్యాయి. శ్రీకాకుళంలో రంగా గారే ఓడిపోయారు. సోషలిజం వద్దని పుట్టిన పార్టీ సోషలిస్టులతో కలిసి ఓట్లడిగింది. చివరికి కలిసిన లోక్‌దళ్‌లోనూ రాజ్ నారాయణ్ లాంటి సోషలిస్టులు ఉన్నారు. రవి గారూ, మీ తాతయ్య "పార్టీయే మారింది" అన్నది ఈ రోజుల గురించే అయ్యుంటుంది.

చేను గట్టు · ఆదివారం, రాత్రి 10:15

లోక్‌దళ్‌లో కలవడాన్ని దిగజారడంగా చూడకండి మాష్టారూ. 1959 నాగపూర్‌లో సహకార వ్యవసాయం తీర్మానాన్ని కాంగ్రెస్ లోపలే ఉండి ఎదిరించిన వాళ్ళలో చరణ్ సింగ్ ముఖ్యుడు. అంటే పదిహేనేళ్ళు తిరిగి పార్టీ తన పుట్టుక దగ్గరకే చేరింది. సొంత కమతం, సొంత సేద్యం. మధ్యలో వచ్చిన రాజులు, బొంబాయి వ్యాపారులు ఎటువాళ్ళు అటు పోయారు. మిగిలింది రైతు మాటే.

సోషల్ మాష్టారు · ఆదివారం, రాత్రి 10:32

ఈ కోణం నాకు తట్టలేదండీ. ఒప్పుకుంటున్నాను. అయితే మన రంగా గారు అందులోకి వెళ్ళలేదు, ఇందిర కాంగ్రెస్‌కు వెళ్ళారు. 1980, 84, 89లో గుంటూరు నుంచి మూడుసార్లు కాంగ్రెస్ టికెట్ మీదే గెలిచారు.

డల్లాస్ పద్మ · సోమవారం, ఉదయం 6:50

రాజాజీ లైసెన్స్ రాజ్ వద్దన్నారు, 1991 జులైలో పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వం 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సులు ఎత్తేసింది. స్వతంత్ర ఆలోచన పార్టీ పోయాక కాంగ్రెస్‌లో గెలిచినట్టే కదా?

హనుమకొండ శ్రీను · సోమవారం, ఉదయం 8:20

పద్మ గారూ, పి.వి. గారు మా హనుమకొండ నుంచి ఎంపీగా గెలిచినోడే కాబట్టి చెప్తున్నా. ఆయనే 1972లో ముఖ్యమంత్రిగా భూపరిమితి తెచ్చిండు, ఆ పట్టుదలకు సొంత పార్టీ ఆసాములే పగబట్టిన్రు. 1991లో ఖజానాల డాలర్లు లేవు, బంగారం తాకట్టు పెట్టుకున్నం. ఆ అవసరంలో చేసినదాన్ని స్వతంత్ర పార్టీ ఖాతాలో వేస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే. భూమి దగ్గర ఆయన వాళ్ళకు పూర్తిగా ఎదురు.

గుంటూరు అడ్వకేట్ · సోమవారం, ఉదయం 9:05

దీనికి తోడు ఇంకొకటి. 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఎ సెక్షన్ చేర్చారు. పార్టీ రిజిస్టర్ కావాలంటే సోషలిజానికి, లౌకికవాదానికి, ప్రజాస్వామ్యానికి కట్టుబడతామని నియమావళిలో రాయాలి. ఇవాళ ఎవరైనా స్వతంత్ర పార్టీని పాత సూత్రాలతోనే మళ్ళీ పెట్టాలంటే ముందు ఆ ప్రమాణం చేయాలి. రాజాజీ ఆ కాగితం మీద సంతకం పెడతారని నేను అనుకోను. దేశంలో ప్రతి పార్టీ, ఎంత పక్కా కన్జర్వేటివ్ అయినా, కాగితం మీద సోషలిస్టే. పార్టీల స్వభావం మారడానికి చట్టం ఎంతవరకు కారణమో ఎవరైనా పరిశోధన చేయాలి.

పొన్నూరు రవి · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారాలు. ఇవాళ మా బాబాయికి ఫోన్ చేసి ఈ చర్చంతా చదివి వినిపించాను. ఆయనకిప్పుడు డెబ్బై ఆరు.

తాతయ్య 1967లో ఎడ్లబండికి రెండు వైపులా సున్నంతో నక్షత్రం వేయించి ఊళ్ళన్నీ తిరిగారట. రంగా గారు కాంగ్రెస్‌కు వెళ్ళాక ఈయన కూడా వెనకే వెళ్ళి అప్పటి కాంగ్రెస్ గుర్తు ఆవు-దూడకు ఓటేశారట. "పార్టీ మారింది అన్నారు కదా, మరి తనెందుకు మారారు?" అని అడిగాను. బాబాయి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, పెట్టెలో గోధుమరంగు కవరు ఒకటి ఉండాలి, చూడు అన్నారు.

ఉంది. నేను ఫొటోలు అనుకుని తెరవలేదు. 1973 భూసంస్కరణల చట్టం కింద ఇచ్చిన డిక్లరేషన్ కాపీ అది. తాతయ్య చేతిరాతే. సర్వే నంబర్లు, ఎకరాలు, సెంట్లు వరసగా. ఆయన ఓటేసిన ప్రభుత్వానికే ఇచ్చారు. మూడు నంబర్ల మీద ఎర్ర సిరాతో గీత ఉంది.

శ్రీను గారూ, ఆ మూడు నంబర్ల పొలం ఎవరికి పంచారని బాబాయిని అడిగాను. ఇద్దరి పేర్లు చెప్పారు. ఒకరు మా ఇంట్లో పాలేరుగా చేసినాయనే. ఆయన మనవళ్ళు ఇప్పటికీ అందులో మినుము వేస్తున్నారట. వచ్చే నెల ఊరెళ్ళినప్పుడు వాళ్ళింటికి వెళ్తాను. వాళ్ళ పట్టా కాగితం చూపించమని అడుగుతాను.